సీసా వెనక అక్షరాలు

సాయంత్రం ఆరున్నరకి
బట్టీ పొగ ఇంకా చీరలోనే ఉండగా
కాశీబుగ్గ బస్టాండు ఎదుట, మా మందుల షాపు మెట్టు మీద
చెప్పులు విడిచి వస్తుంది తవిటమ్మ.
చేతులు రెండూ గాజుబల్ల మీద పెడుతుంది
తాకట్టుకి తెచ్చిన వస్తువుల్లా.

ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
వేళ్ల సందుల్లో నలుపు, అరచేతుల్లో పొరలూడిన ఎరుపు.
రేషన్ మిషను ఆమెని
మూడు నెలలుగా గుర్తుపట్టడం లేదు.

"మంటెట్టనిది ఇవ్వు పాపా.
మొక్కల్తో సేసిందంట, టీవీలో సూపించినారు."

నా చదువు మధ్యలో ఆగింది గానీ
చిన్న అక్షరాలు చదవడం వచ్చు.
పచ్చాకు బొమ్మల సీసాలు మూడు దించి
వీపులు తిప్పాను.
ముందువైపు అందరికీ వేప, కలబంద, తులసి.
వెనకవైపు లెక్క వేరు:
వరసలో ముందున్నదే ఎక్కువుంటుంది
ఆఖరిది దిష్టిచుక్కంత.

మొదటిదాంట్లో నీళ్ల వెంటనే లారెత్ సల్ఫేటు.
నురగ బాగా వస్తుంది, తోలు కూడా దానితోపాటే వస్తుంది.
వేప పధ్నాలుగోది, రంగు కంటే ఒక్క మెట్టు పైన.
రెండోదాంట్లో కొబ్బరి నుంచి తీసిన గ్లూకోసైడు, నెమ్మదైనదే,
మన ఉద్దానం కొబ్బరి కాదులే, ఏ ఊరిదో.
పక్కనే సువాసన అని రాశారు.
దేని సువాసనో రాయలేదు.
మూడోది మంచిది.
మూడువందల నలభై.

తవిటమ్మ సీసా కింద పెట్టింది, పగలకుండా.

"కుంకుడుకాయో?"
పగుళ్లలోకి దిగితే నిప్పే అన్నాను.
"కంట్లో పడ్డట్టే అన్నమాట."
సీకాయ పులుపు, పచ్చి తోలుకి పడదు.
సెనగపిండి జిడ్డు లాగుతుంది,
జిడ్డే మిగలని చోట ఏం లాగుతుంది పాపం.
పెసరపిండి మెత్తగా జల్లిస్తే పరవాలేదు, బరకగా ఉంటే ఇసుకే.
బావంచాలూ కచ్చూరాలూ పెళ్లికూతుళ్లకి;
బావంచాలు రాసుకుని ఎండలో నిలబడితే
మచ్చ ముద్రేసి పోతుంది.

"మొక్కదైతే మెత్తనే గదా" అంది.
జవాబు కోసం నేను సీసాలు తిప్పుతుంటే
తన చేతుల వంక తనే చూసుకుని
పకాలున నవ్వింది.
"ఒలమ్మ, జీడి కూడా సెట్టుకే కాసింది గదేటి!"

గ్లౌజులు ఇవ్వరా అని అడిగాను.
ఇస్తారట.
వేసుకుంటే పప్పు విరుగుతుందట
విరిగితే కూలి విరుగుతుందట.
ఆ మాట ఏ సీసా మీదా లేదు.

మూడోది మళ్లీ చదివాను, ఊరికే, చదవకుండా ఉండలేక.
ఆరో పేరు దగ్గర ఆగాను.
ఒరైజా సటైవా బ్రాన్.
"అంటే ఏటి?"
తవుడు.

"నా పేరెట్టీసినారేటి సీసా మీద!"

ముందు పుట్టిన ముగ్గురూ పురిట్లోనే పోతే
నాలుగోదాన్ని చేటలో పడుకోబెట్టి
దోసెడు తవుడుకి పొరుగామెకి అమ్మి
మళ్లీ కొనుక్కుందట వాళ్లమ్మ.
చావుకి ఆనవాలు చిక్కకుండా.
"నా దరే అది" అని మళ్లీ నవ్వింది.
ఈసారి నేను నవ్వలేదు.

పది రూపాయల గాజుగుడ్డ కొనుక్కుని వెళ్లింది.

రెండు వారాలకి వచ్చింది.
మిల్లు తవుడు జల్లించి, గుడ్డలో మూటకట్టి
గోరువెచ్చని నీళ్లలో పిసికి
ఆ పాలతో కడుక్కుంటోంది, గేదె వాటా లోంచి.
నలుపు పోలేదు. ఎరుపు కొంచెం.
"తగ్గిందా?"
"మంటెట్టలేదు. అంతవరకే సెప్పగల్ను."
ఏ కంపెనీ రాయనంత నిజంగా చెప్పింది.

ఆ రాత్రి షట్టరు దించేముందు
పచ్చాకు సీసాలన్నీ
వెనకవైపు కనబడేట్టు సర్దాను.
పొద్దున్నే ఓనరు వచ్చి
ఏమీ అనకుండా
ఒక్కొక్కటీ ముందుకి తిప్పుకున్నాడు.